ప్రపంచంలో ఒకటో ర్యాంకు, అదే ప్రపంచంలో 200 దాటిన ర్యాంకు: లఫ్‌బరో యూనివర్సిటీని ఎలా అర్థం చేసుకోవాలి?

బ్రిటన్‌లో మాస్టర్స్ చేద్దామని వెతికేవాళ్లకు లఫ్‌బరో యూనివర్సిటీ పేరు పక్కన మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. క్యూఎస్ సంస్థ క్రీడా సంబంధ విషయాలకు ఇచ్చే ర్యాంకుల్లో, ఆ జాబితా మొదలైన 2017 నుంచీ, ప్రపంచంలో ఒకటో స్థానం. బ్రిటన్ లోపలి పట్టికల్లో తరచుగా మొదటి పది. అదే క్యూఎస్ మొత్తం యూనివర్సిటీలకు ఇచ్చే ప్రపంచ ర్యాంకులో మాత్రం కొన్నేళ్లుగా 200 దాటిన స్థానాలు. వీటిలో ఏదో ఒకటి అబద్ధమై ఉండాలని తల్లిదండ్రులు అనుకోవడం సహజమే. కానీ మూడూ నిజమే. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, అంతే.

ఆ ప్రశ్నలేమిటో విప్పి చూస్తే ర్యాంకుల సంగతి తేలుతుంది. ఆటలూ ఇంజినీరింగూ ఒక చిన్న ఊళ్లో ఎలా కలిశాయి, ఆ కలయిక వల్ల నిజంగా ఏం పుట్టింది అన్నది అంతకంటే ఆసక్తికరమైన విషయం.

ఊరు ఒకటి, పేరు మాత్రం మూడు చోట్ల

లఫ్‌బరో ఇంగ్లండ్ నడిబొడ్డున, లెస్టర్‌షైర్ కౌంటీలో ఉన్న వ్యాపార పట్నం. 1221లో మూడో హెన్రీ రాజు ఇచ్చిన అనుమతితో మొదలైన సంత ఇప్పటికీ గురువారం, శనివారం నడుస్తుంది. సంత ఊరే అయినా లోహం పని తెలిసిన ఊరు. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లోని 'గ్రేట్ పాల్' అనే దాదాపు 17 టన్నుల గంటను 1881లో పోత పోసింది ఇక్కడి టేలర్ ఫౌండ్రీయే. విద్యుత్ యంత్రాల బ్రష్ కంపెనీ కూడా 19వ శతాబ్దం చివర్లో ఇక్కడే స్థిరపడింది.

దరఖాస్తు చేసేవాళ్లు తికమకపడేది పేరు దగ్గర. లఫ్‌బరో యూనివర్సిటీ వేరు. దాని పక్కనే ఉన్న లఫ్‌బరో కాలేజీ వేరు. అది ప్రధానంగా ఇంటర్ స్థాయి, వృత్తి విద్యా కోర్సులు నడిపే విడి సంస్థ. ఇక లఫ్‌బరో యూనివర్సిటీ లండన్ అనేది ఇదే యూనివర్సిటీకి చెందిన పీజీ క్యాంపస్. 2015లో లండన్ ఒలింపిక్ పార్కులో తెరిచారు. అక్కడ చేరిన విద్యార్థికి పట్టా ఈ యూనివర్సిటీదే వస్తుంది కానీ, బ్రోషర్‌లో కనిపించే మైదానాలు, ప్రయోగశాలలు ఉండేది అక్కడికి నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో.

1909 నుంచి 1977 దాకా: కలిసి, విడిపోయి, మళ్లీ కలిసిన కథ

1909లో ఇది ఒక చిన్న సాంకేతిక విద్యాలయం. 1915లో హెర్బర్ట్ స్కోఫీల్డ్ ప్రిన్సిపాల్‌గా వచ్చి 1950 వరకూ ఉన్నారు. ఈ సంస్థ స్వభావం ఏర్పడింది ఆ 35 ఏళ్లలోనే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారాలకు పనివాళ్లు కావాల్సి వచ్చింది. స్కోఫీల్డ్ నమూనాల మీద పాఠం చెప్పించలేదు. కాలేజీలోనే కర్మాగారం పెట్టి, నిజంగా వాడే భాగాలను తయారు చేయిస్తూ నేర్పించారు. యుద్ధం ముగిశాక ఇంజినీరింగ్ విద్యార్థులకూ అదే పద్ధతి కొనసాగింది. కొంత కాలం తరగతి, కొంత కాలం వర్క్‌షాపు. అక్కడ తయారైన వస్తువు అమ్ముడుపోయేదిగా ఉండాలి. కొలత తప్పితే మార్కు పోవడం కాదు, సరుకే తిరిగొస్తుంది.

ఆటలు వచ్చింది ఉపాధ్యాయ శిక్షణ దారిన. 1930ల్లో ఇక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ, దానితోపాటు వ్యాయామ విద్య, అథ్లెటిక్స్ మొదలయ్యాయి. బ్రిటన్ బడులకు పీఈటీలను పంపే కేంద్రంగా పేరొచ్చింది. అయితే 1950ల మొదట్లో పెద్ద కాలేజీని నాలుగు ముక్కలు చేశారు: సాంకేతిక విద్యకు ఒకటి, ఉపాధ్యాయ శిక్షణకు ఒకటి, కళలకు ఒకటి, వృత్తి విద్యకు ఒకటి. 1966లో రాజ శాసనంతో 'లఫ్‌బరో యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ' అయింది సాంకేతిక విద్య ముక్క ఒక్కటే. ఆటల పేరున్న కాలేజీ బయటే ఉండిపోయింది. 1977లో అది యూనివర్సిటీలో కలిసింది. 1996లో పేరులోంచి 'టెక్నాలజీ' తీసేశారు. 1998లో కళల కాలేజీ కూడా వచ్చి చేరింది. నాలుగో ముక్కే పైన చెప్పిన లఫ్‌బరో కాలేజీ. పేరు తికమకకు మూలం అదే.

కాబట్టి లఫ్‌బరోను 'క్రీడా విశ్వవిద్యాలయం' అనడం సరికాదు. తెలంగాణలో ప్రకటించిన యంగ్ ఇండియా క్రీడా విశ్వవిద్యాలయం, మణిపూర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వంటివి ఆటల కోసమే ఉద్దేశించిన సంస్థలు. లఫ్‌బరోలో క్రీడలు, వ్యాయామం, ఆరోగ్య శాస్త్రాలు కలిపి ఒక స్కూల్, అంటే ఒక విభాగం మాత్రమే. దాని గోడ అవతల ఏరోనాటికల్, ఆటోమోటివ్, మెకానికల్, మెటీరియల్స్ ఉన్నాయి. ఆ పొరుగు వల్ల ఏమొచ్చిందో కింద ఒక ఫుట్‌బాల్ బంతి కథలో చూద్దాం.

ర్యాంకు లెక్క ఎలా వేస్తారు

క్యూఎస్ ప్రపంచ ర్యాంకుకు 100 మార్కుల్లో 30 విద్యావేత్తల అభిప్రాయ సేకరణకు పోతాయి. కంపెనీల అభిప్రాయానికి 15, అధ్యాపకుల తలసరి ఉల్లేఖనాలకు (వాళ్ల పరిశోధనను ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్కకు) 20, అధ్యాపక–విద్యార్థి నిష్పత్తికి 10. మిగిలిన 25 మార్కులు అయిదేసి చొప్పున విదేశీ అధ్యాపకులు, విదేశీ విద్యార్థులు, అంతర్జాతీయ పరిశోధన సంబంధాలు, ఉద్యోగ ఫలితాలు, పర్యావరణ–సామాజిక బాధ్యతలకు పంచుతారు.

ఒక ఊహాత్మక యూనివర్సిటీని తీసుకుందాం. విద్యావేత్తల అభిప్రాయంలో నూటికి 35 వచ్చాయి: అందులో 30 శాతం అంటే 10.5. కంపెనీల అభిప్రాయం 65: దాని వాటా 9.75. ఉల్లేఖనాలు 35: వాటా 7. నిష్పత్తి 40: వాటా 4. మిగిలిన అయిదింటిలో సగటున 75: వాటా 18.75. మొత్తం సరిగ్గా 50. ఇప్పుడు చదువు చెప్పే తీరు, ప్రయోగశాలలు, ఉద్యోగాలు ఏవీ మారకుండా మొదటి అంకె ఒక్కటే 35 నుంచి 65కి పెరిగితే మొత్తం 59 అవుతుంది. జాబితా మధ్యలో యూనివర్సిటీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆ 9 మార్కులతో ఎన్నో మెట్లు ఎక్కేయొచ్చు.

ఆ మొదటి అంకె వచ్చేది సర్వే నుంచి. ప్రతి విద్యావేత్తా తన రంగంలో మేటి అనుకున్న సంస్థల పేర్లు రాస్తారు. లఫ్‌బరోకు వైద్య కళాశాల లేదు. శతాబ్దాల చరిత్రా లేదు. క్రీడా శాస్త్రం వాళ్లు తప్పకుండా దాని పేరు రాస్తారు. జీవశాస్త్రం, వైద్యం, చరిత్ర వాళ్లకు రాయాల్సిన కారణం తక్కువ. విషయం వారీ జాబితాలోనూ విద్యావేత్తల అభిప్రాయానికి పెద్ద వాటా ఉంది గానీ, అక్కడ అడిగేది ఆ రంగం వాళ్లనే. అందుకే ఒకే సంస్థ తయారు చేసిన రెండు జాబితాల్లో ఇంత దూరం.

బ్రిటన్ పట్టికలు అడిగేది ఇంకో ప్రశ్న. గార్డియన్ పత్రిక పట్టిక పరిశోధనను అసలు లెక్కలోకి తీసుకోదు. చివరి ఏడాది విద్యార్థుల సంతృప్తి, ప్రవేశ మార్కులు, చదువు మధ్యలో మానేసేవారి శాతం, తర్వాతి ఉద్యోగాలు చూస్తుంది. లఫ్‌బరోలో క్యాంపస్ అంతా ఒకే చోట, ఐదు వందల ఎకరాలకు పైగా విస్తరించి ఉంటుంది. హాస్టళ్ల నుంచి మైదానం దాకా నడిచిపోయేంత దూరంలోనే ఉండటంతో విద్యార్థుల తృప్తి బాగుంటుంది.

ప్రపంచ ర్యాంకే ముఖ్యమనేవారి వాదనలో బలముంది: వేరే దేశంలో ఉద్యోగానికి వెళ్తే అక్కడి హెచ్‌ఆర్‌కు లఫ్‌బరో తెలియకపోవచ్చు, 200 అన్న అంకె తెలుస్తుంది. విషయ ర్యాంకు చాలనేవారి మాటా కొట్టిపారేసేది కాదు: ఆటోమోటివ్ ఇంజినీర్‌ను తీసుకునే కంపెనీకి ఆ యూనివర్సిటీలో జీవశాస్త్రం ఎలా ఉందో అక్కర్లేదు. అయితే క్రీడల్లో ఒకటో ర్యాంకును చూపించి డేటా సైన్స్ సీటు అమ్మడం మాత్రం ఏ లెక్కనా న్యాయం కాదు. ఆ ర్యాంకు ఆ స్కూల్‌కే చెందుతుంది.

'ఆటల్లో మేటి' అంటే మూడు వేర్వేరు సంగతులు

మొదటిది చదువు. శరీర ధర్మశాస్త్రం, బయోమెకానిక్స్ (శరీర కదలికల శాస్త్రం), మనస్తత్వ శాస్త్రం, క్రీడా నిర్వహణ వంటివి. వీటిని చదివేవాళ్లు దేశానికి ఆడాల్సిన పని లేదు.

రెండోది విద్యార్థుల పోటీలు. బ్రిటన్ యూనివర్సిటీల మధ్య చాలా మ్యాచ్‌లు బుధవారం మధ్యాహ్నాలు జరుగుతాయి. వీటిని నడిపే సంస్థ బక్స్. ఏడాది పొడవునా అన్ని ఆటల్లో, స్త్రీ పురుష జట్లన్నిటి పాయింట్లూ కలిపి ఒక పట్టిక వేస్తుంది. అందులో లఫ్‌బరో 40 ఏళ్లకు పైగా మొదటి స్థానంలో ఉంది. పాయింట్లు కూడుతూ పోయే పద్ధతి కాబట్టి, ఒక ఆటలో ఛాంపియన్ కావడం కంటే అనేక ఆటల్లో బలమైన జట్లు దించడమే ముఖ్యం.

మూడోది అగ్రశ్రేణి శిక్షణ. జాతీయ క్రీడా సంఘాలు తమ కేంద్రాలను ఇదే క్యాంపస్‌లో పెట్టుకున్నాయి. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు జాతీయ కేంద్రం 2003 నుంచి ఇక్కడే ఉంది. ఈత, అథ్లెటిక్స్ జట్లకూ ఇక్కడ స్థావరాలున్నాయి.

పతకాల లెక్క దగ్గర ఈ మూడూ కలగాపులగం అవుతాయి. 1980, 1984 ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణాలు గెలిచిన సెబాస్టియన్ కో ఇక్కడి పట్టభద్రుడు. కానీ ఆయన కోచ్ కన్న తండ్రి పీటర్ కో. 2016, 2020 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణాలు గెలిచిన ఆడమ్ పీటీ ఇక్కడి కొలనులో ఏళ్ల తరబడి శిక్షణ పొందాడు, కానీ పట్టా కోసం చేరిన విద్యార్థి కాదు. 2006లో నాగపూర్ టెస్టులో సచిన్ టెండూల్కర్‌ను తన తొలి వికెట్‌గా పడగొట్టిన మాంటీ పనేసర్ ఇక్కడ చదివింది కంప్యూటర్ సైన్స్. ముగ్గురినీ 'లఫ్‌బరో వాళ్లు' అనే అంటారు.

ఒలింపిక్స్ తర్వాత 'లఫ్‌బరో ఒక దేశమైతే పతకాల పట్టికలో ఫలానా స్థానం' అంటూ వచ్చే మాటను ఇది మనసులో పెట్టుకుని చదవాలి. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు ఒకే ఒక్క స్వర్ణం దక్కింది. తర్వాత జాతీయ లాటరీ డబ్బు క్రీడలకు మళ్లింది, ఆ డబ్బుతోనే ఇలాంటి కేంద్రాలు బలపడ్డాయి. పతకం డబ్బుదా, కోచ్‌దా, యూనివర్సిటీదా? విడదీయడం కష్టం. ఒకే ఆవరణలో కోచ్, ఫిజియో, వైద్యుడు, బయోమెకానిక్స్ పరిశోధకుడు అందుబాటులో ఉండటం క్రీడాకారుడికి ఎంతో సమయం మిగులుస్తుంది. అది మాత్రం నిజంగా యూనివర్సిటీ ఇచ్చేదే.

జబులానీ: ఆట, ఇంజినీరింగ్ కలిసిన చోట ఏం జరిగింది

2010 దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు అడిడాస్ తెచ్చిన బంతి జబులానీ. దాని రూపకల్పనలో, పరీక్షల్లో లఫ్‌బరో పరిశోధకులు పాలుపంచుకున్నారు. పాత కాలపు బంతికి 32 ముక్కలు కుట్టేవారు. 2006 బంతికి 14. జబులానీకి 8 ముక్కలే, అవీ కుట్టకుండా వేడితో అతికించినవి. కుట్టు తగ్గితే బంతి మరింత గుండ్రంగా వస్తుంది, నీళ్లు పీల్చదు, ఎక్కడ తన్నినా ఒకేలా స్పందిస్తుంది. యాంత్రిక కాలితో పదే పదే ఒకే వేగం, ఒకే కోణంలో తన్నించి చూసి సాధించిన మెరుగుదల ఇది.

అయినా టోర్నీలో గోల్‌కీపర్లు గగ్గోలు పెట్టారు. గాల్లో బంతి ఉన్నట్టుండి పక్కకు జరుగుతోందన్నది వాళ్ల ఫిర్యాదు. అది వాళ్ల భ్రమ కాదు.

గాలిలో వెళ్లే బంతి ఉపరితలానికి పలచటి గాలి పొర అంటుకుని ఉంటుంది. తక్కువ వేగంలో ఆ పొర నునుపుగా సాగి బంతి నడుము దగ్గరే విడిపోతుంది. వెనక పెద్ద ఖాళీ ఏర్పడి బంతిని వెనక్కి లాగుతుంది. ఒక వేగం దాటాక అదే పొర కల్లోలంగా మారుతుంది. కల్లోలమైన పొర బంతిని ఇంకొంచెం వెనక దాకా పట్టుకుని ఉంటుంది, ఖాళీ చిన్నదవుతుంది, నిరోధం సగానికంటే తక్కువకు పడిపోతుంది. ఈ మార్పు ఏ వేగం దగ్గర వస్తుందో నిర్ణయించేది ఉపరితలం గరుకుదనం. కుట్లు ఎక్కువగా, లోతుగా ఉంటే తక్కువ వేగంలోనే వస్తుంది. క్రికెట్‌లో కొత్త బంతి స్వింగ్ కావడానికీ ఇదే మూలం: సీమ్ ఉన్న వైపు పొర కల్లోలమవుతుంది, మరో వైపు నునుపుగానే ఉండిపోతుంది.

అంకెల్లో చూద్దాం. బంతి వ్యాసం 22 సెంటీమీటర్లు, బరువు 440 గ్రాములు, వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. గాలికి ఎదురయ్యే వైశాల్యం 0.038 చదరపు మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. నిరోధ బలం అంటే సాంద్రతలో సగం, వైశాల్యం, వేగం వర్గం, నిరోధ గుణకం (బంతి చుట్టూ గాలి సాగే తీరును బట్టి మారే అంకె) – వీటి లబ్ధం. గుణకం 0.2 అయితే 1.8 న్యూటన్లు, 0.45 అయితే 4.1 న్యూటన్లు. బంతి బరువు 4.3 న్యూటన్లు. అంటే రెండో సందర్భంలో గాలి బంతిని దాదాపు దాని బరువంత బలంతో వెనక్కి లాగుతోంది. అర సెకనులో మొదటి బంతి సుమారు 9.5 మీటర్లు వెళ్తే రెండోది 9 మీటర్లే వెళ్తుంది. గోల్‌కీపర్ చేతికి ఆ అర మీటరు చాలా పెద్దది.

పాత 32 ముక్కల బంతిలో ఈ మార్పు ఫ్రీ కిక్ వేగాలకు బాగా కిందే అయిపోయేది. కుట్లు తగ్గిన జబులానీలో అది పైకి జరిగింది. నాసా ఏమ్స్ కేంద్రంలో రాబీ మెహతా చేసిన విశ్లేషణ ప్రకారం బంతి తడబడేది గంటకు 72–80 కిలోమీటర్ల దగ్గర. సరిగ్గా ఫ్రీ కిక్‌లు, దూరపు షాట్లు గోల్‌కు చేరే వేగం అది. స్పిన్ లేకుండా తన్నిన బంతి మెల్లగా తిరుగుతూ ఆ వేగానికి వస్తే, ఒక పక్క అతుకు ఎదురై పొర కల్లోలమవుతుంది, రెండో పక్క కాదు. బంతి అటు జరుగుతుంది. కాస్త తిరిగాక పక్కలు మారతాయి, ఇటు జరుగుతుంది. బాగా స్పిన్ ఇస్తే రెండు పక్కలూ సగటై ఈ ఊగిసలాట కనపడదు.

మరి పరీక్షల్లో ఎందుకు ఆగలేదు? ఒక జవాబు నిబంధనల్లో ఉంది. ఫిఫా పరీక్షలు చుట్టుకొలత, గుండ్రదనం, బరువు, ఎగిరే ఎత్తు, నీటి పీల్పు, గాలి కోల్పోవడం, ఉక్కు పలకకేసి వేలసార్లు కొట్టాక ఆకారం నిలుస్తుందా లేదా అన్నవి. గాలిలో బంతి ఎలా ప్రవర్తించాలన్న షరతు అందులో లేదు. లఫ్‌బరో ఆటోమోటివ్ విభాగానికి కార్ల నమూనాలను గాలి వీచేలా చేసి పరీక్షించే విండ్ టన్నెల్ ఉంది. పని జరిగే గది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల ఎత్తు. ఫిఫా ఆమోదం పొందిన పలు బంతులను అక్కడి పరిశోధకులు టన్నెల్‌లో పెట్టి కొలిచారు. ఆమోద ముద్ర ఉన్న బంతుల మధ్యే గాలి ప్రవర్తనలో గణనీయమైన తేడా ఉందని ప్రచురించారు. తమ సంస్థకే తగిలే ప్రశ్నను అదే సంస్థలో కొలిచి చూడటం గౌరవించాల్సిన సంగతి.

రెండో జవాబు ఎత్తు. జొహాన్నెస్‌బర్గ్ సముద్ర మట్టానికి దాదాపు 1,750 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి సుమారు ఆరో వంతు పలచన. నిరోధం తగ్గి బంతి దూరం పోతుంది, నునుపు నుంచి కల్లోలానికి మారే వేగం ఇంకా పైకి జరుగుతుంది. తప్పంతా బంతిదే కాదనేవారు దీన్నే చూపిస్తారు. అదే బంతితో ఉరుగ్వే ఆటగాడు డియెగో ఫోర్లాన్ 5 గోల్స్ చేసి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడని కూడా గుర్తు చేస్తారు.

2014 బ్రెజిల్ బంతి బ్రజూకాకు ఇంకా తక్కువ, 6 ముక్కలే. కానీ మెలికలు తిరిగిన ముక్కలు కావడంతో అతుకుల మొత్తం పొడవు సుమారు 2 మీటర్ల నుంచి 3.3 మీటర్లకు పెరిగింది. లోతు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నరకు పెరిగింది. కల్లోలం మళ్లీ తక్కువ వేగానికి దిగింది. గోల్‌కీపర్ల గోల కూడా తగ్గింది.

శాండ్‌విచ్ డిగ్రీ, ఏడాది ఎంఎస్సీ: పేరు ఎవరిది, చేరేది ఎవరు

స్కోఫీల్డ్ నాటి 'పని చేస్తూ నేర్చుకో' పద్ధతి ఇప్పుడు శాండ్‌విచ్ డిగ్రీగా మిగిలింది. రెండేళ్లో మూడేళ్లో చదివాక ఒక ఏడాది కంపెనీలో జీతానికి పని చేసి, తిరిగొచ్చి చివరి ఏడాది పూర్తి చేస్తారు. మూడేళ్ల బీఈఎన్‌జీ (ఇంజినీరింగ్ బ్యాచిలర్స్) నాలుగవుతుంది, నాలుగేళ్ల ఎంఈఎన్‌జీ (మాస్టర్స్ దాకా కలిపిన ఇంజినీరింగ్ డిగ్రీ) అయిదవుతుంది. ఆ ఏడాదికి డిగ్రీతోపాటు విడిగా డిప్లొమా కూడా ఇస్తారు. కంపెనీలు తమ దగ్గర ఏడాది పని చేసినవాళ్లను ఎరిగి ఉంటాయి కాబట్టి చివరి ఏడాదిలోనే ఉద్యోగం ఖాయం చేసుకునేవాళ్లుంటారు. లఫ్‌బరోకు ఉద్యోగాల విషయంలో ఉన్న మంచి పేరులో పెద్ద భాగం ఇక్కడి నుంచి వచ్చిందే.

తెలుగు రాష్ట్రాల నుంచి బ్రిటన్ వెళ్లేవారిలో ఎక్కువమంది చేరేది ఏడాది ఎంఎస్సీలో. అందులో సాధారణంగా ఆ కంపెనీ ఏడాది ఉండదు. రెండు సెమిస్టర్ల తరగతులు, వేసవిలో ప్రాజెక్టు, సెప్టెంబరుకల్లా ముగింపు. పారిశ్రామిక అనుభవం తర్వాత, చదువు ముగిశాక బ్రిటన్‌లో ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద వెతుక్కోవాలి. దాని వ్యవధి ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు 18 నెలలే. దీనికితోడు పెద్ద ఇంజినీరింగ్ కంపెనీలు మరుసటి ఏడాది నియామకాలకు శరదృతువులోనే దరఖాస్తులు తీసుకుంటాయి, కొన్ని డిసెంబరులోపే ముగించేస్తాయి. శాండ్‌విచ్ విద్యార్థి ఆ గడువుకు చేతిలో ఏడాది అనుభవంతో వస్తాడు. సెప్టెంబరు చివర్లో దిగిన ఎంఎస్సీ విద్యార్థికి అప్పటికి మొదటి సెమిస్టర్ మార్కులు కూడా చేతికి రావు.